ఒకే గడిలో రెండు మందులు

పద్నాలుగో భాగం

"ఆ చేత్తో నాకేమీ ఇవ్వకు," అన్నారు మామగారు.

చిన్నకోడలి చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న పెద్దకోడలి చెవిన ఈ మాట పడింది. మూడేళ్ళుగా పొద్దున్నే ఆయనకు టీ అందించే చెయ్యి అది. మొన్న సాయంత్రం ఆసుపత్రిలో అత్తగారికి ఇంజెక్షన్ ఇచ్చిన చెయ్యి కూడా అదే.

"మామయ్యగారూ, నేను చూసే ఇచ్చాను. కంప్యూటర్లో ఎర్ర గీత రాలేదు. వస్తే ఇస్తానా?"

"రాలేదా? నాలుగేళ్ళ కిందట ఆవిడ అదే ఆసుపత్రిలో ఉన్నప్పుడు వచ్చిందే! ఆ కాగితం ఇంకా ఫైల్లో ఉంది. పెద్దాడు కళ్ళారా చూశాడు."

"అప్పుడొచ్చిందేమో. మొన్న మాత్రం రాలేదు."

"అంటే మిషను అబద్ధమాడింది, నువ్వు నిజం చెప్తున్నావు. అంతేనా?"

ఆసుపత్రిలో నర్సుగా ఎంతమంది గద్దింపులు విన్నదో గాని, ఇంట్లో పెద్దాయన గొంతు ఇలా పలకడం చిన్నకోడలికి ఇదే మొదటిసారి. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"మీ అత్తకు పెన్సిలిన్ పడదని ఇంట్లో పిల్లికి కూడా తెలుసు," అన్నారాయన.

"నాకు సల్ఫా పడదనే తెలుసు. నిరుడు అత్తయ్యకు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినప్పుడు నేనేగా కనిపెట్టింది? పెన్సిలిన్ సంగతి నా పెళ్ళికి ముందుది. ఎవరూ నాకు చెప్పలేదు. పైగా సీసా మీద ఉన్నది కంపెనీ పేరు. ఏ మందు దేనికి చుట్టమో చూసుకునేది కంప్యూటరే."

"పోనీ, ఆవిడనే అడగాల్సింది."

"నూటనాలుగు జ్వరం మామయ్యగారూ. నన్నే గుర్తుపట్టలేదు."

ఇంజెక్షన్ ఇచ్చిన పది నిమిషాలకే అత్తగారి గొంతు వాచి ఊపిరి ఆడకుండా పోయింది. ఇది మూడో రోజు. ఆవిడ బదులు యంత్రమే ఊపిరి తీసి వదులుతోంది. ఆవిడ ముఖం మీంచి తీసి ఇచ్చిన కళ్ళజోడును మామగారు చొక్కా జేబులోంచి కదల్చడం లేదు. తన జోడు ఎక్కడ పెట్టారో మాత్రం ఆయనకే తెలియదు.

ఇంత జరుగుతుంటే చిన్నకొడుకు అక్కడే కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఒక లేసుకు ఎంతసేపు కావాలో అందుకు నాలుగింతలు పట్టింది. కట్టుకున్న పెళ్ళాన్ని ఇంత మాటంటే తలెత్తని మగాడికి ఆ లేసు ముడి మాత్రం చక్కగా కుదరాలి మరి.

పెద్దకొడుకు గదిలోంచి వచ్చాడు. హైస్కూల్లో లెక్కల మేష్టారు. తప్పు ఎవరిదో తేల్చి బోర్డు మీద పేరు రాస్తేగాని ఆయనకు నిద్ర పట్టదు. నిన్న ఇంటి తరఫున ఆసుపత్రికి ఫిర్యాదు రాసిచ్చింది ఆయనే. ఈవేళ మధ్యాహ్నం మూడింటికి విచారణ. తప్పు రుజువైతే చిన్నకోడలి పేరు నర్సుల జాబితాలోంచి కొట్టేస్తారు. ఆ తర్వాత ఆమె ఏ ఆసుపత్రిలోనూ సూది పట్టుకోవడానికి వీల్లేదు.

"విచారణలో చెప్పుకో, చెప్పుకోవలసింది," అన్నాడాయన, ఆమె వైపు చూడకుండా.

చిన్నకోడలు గ్లాసు బల్ల మీద పెట్టి వంటింట్లోకి వచ్చింది. గ్యాసు పొయ్యి దగ్గర తోటికోడలి పక్కన నిలబడి, నెమ్మదిగా అడిగింది.

"అక్కా, నువ్వైనా నమ్ముతావా?"

పెద్దకోడలు ఏమని చెప్తుంది? ఆ ఎర్ర గీతను తయారు చేసింది ఆమే. ఆసుపత్రి కంప్యూటర్ సెక్షన్లో పదేళ్ళ ఉద్యోగం. ఆరేళ్ళ కిందట ఆ గీత పెట్టినప్పుడు పెద్ద డాక్టరు అందరి ముందూ లేచి నిలబడి మెచ్చుకున్నాడు. డాక్టరు రాసిన మందు రోగికి పడనిదైతే తెర మీద ఎర్రగా గీత వస్తుంది. ఇన్నేళ్ళలో అది తప్పిందని ఒక్కరూ అనలేదు.

"వరసగా రెండు డ్యూటీలు చేశావు కదమ్మా," అంది. "అలసటలో ఒక్కోసారి కళ్ళు..."

"అంటే నువ్వూ నమ్మట్లేదు."

"అలా అనలేదే."

"అనక్కర్లేదులే అక్కా."

ఆమె చేతులు కడుక్కుంది. తుడుచుకుని, మళ్ళీ కడుక్కుంది.

*

కంప్యూటర్ సెక్షన్ ఆసుపత్రి అడుగు అంతస్తులో, బట్టలుతికే గది పక్కన ఉంటుంది. పొద్దస్తమానం గోడ అవతల వాషింగ్ మిషన్లు తిరుగుతుంటే ఇవతల బల్లలు సన్నగా వణుకుతూ ఉంటాయి. పెద్దకోడలు వచ్చేసరికి సెక్షన్ ఆఫీసరు ఆమె కుర్చీ దగ్గరే నిలబడి ఉన్నాడు.

"మీ అత్తగారి రికార్డు మూడింటికి సిద్ధంగా ఉంచాలమ్మా. కమిటీ కళ్ళ ముందే మందు పేరు కొట్టి చూపిద్దాం. ఎర్ర గీత వస్తే ఆ అమ్మాయి చూడలేదన్నమాట, రాకపోతే..." ఆయన నవ్వబోయి, సందర్భం కాదని ఆగాడు. "రాకపోవడం ఏముందిలెండి. మీ ఇంటి మనిషే, పాపం. ఏం చేస్తాం."

ఆయన వెళ్ళాక ఆమె రికార్డు తెరిచింది. ఉత్తినే, ఒకసారి సరిచూసుకుందామని, మొన్న డాక్టరు రాసిన ఇంజెక్షన్ పేరు కొట్టింది.

గీత రాలేదు.

పేరు తప్పు కొట్టానేమో అనుకుని మళ్ళీ కొట్టింది. రాలేదు. ఈసారి కంపెనీ పేరు వదిలేసి, సూటిగా పెన్సిలిన్ అనే కొట్టింది. తెర తెల్లగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉంది.

రోగుల పట్టిక తెరిచి అత్తగారి వరుస దాకా వెళ్ళింది. ఒక్కో రోగికి ఒక్కో వరుస. వరుసలో గళ్ళు. నంబరు, వయసు, రక్తం గ్రూపు, చిట్టచివర 'పడని మందు' అన్న గడి. ఆ గడిలో రెండు పేర్లున్నాయి. పెన్సిలిన్, సల్ఫా. మధ్యలో ఒక కామా.

అప్పుడు అర్థమైంది.

కంప్యూటరు అడిగేది ఒకటే ప్రశ్న. డాక్టరు రాసిన మందు అసలు పేరూ గడిలో ఉన్న పేరూ ఒకటేనా, అని. గడిలో పెన్సిలిన్ ఒక్కటే ఉంటే, ఒకటే అంటుంది, గీత గీస్తుంది. రెండు మందులుంటే ఆ రెంటినీ కలిపి ఒక పొడుగాటి పేరనుకుంటుంది. అలాంటి పేరున్న మందు ఏ డాక్టరూ రాయడు. అందుకని ఎప్పటికీ గీత రాదు. మొదటిదానికీ రాదు, రెండోదానికీ రాదు. ఒక్క మందు పడనివాళ్ళను కంటికి రెప్పలా కాచిన ఆ గీత, రెండు పడనివాళ్ళను నట్టేట వదిలేసింది.

ఎదుటి బల్ల దగ్గర రికార్డుల గుమస్తా రెండు వేళ్ళతో టకటకా కొట్టుకుంటున్నాడు. వచ్చే ఏడాది రిటైరయ్యే మనిషి.

"గుమస్తాగారూ, ఒకరికి రెండు మూడు మందులు పడకపోతే మీరు ఎక్కడ రాస్తారు?"

"అదే గడిలో, పక్కపక్కనే. మీరు చెప్పిందేగా మేడమ్!"

"నేనెప్పుడు చెప్పాను?"

"ఇది పెట్టిన కొత్తలోనే. ఈయనకు రెండున్నాయి, రెండోది ఎక్కడ పెట్టమంటారని అడిగాను. మీరు హడావుడిగా ఉన్నారు. కామా పెట్టి పక్కనే కొట్టెయ్యండి, తర్వాత చూద్దాం అన్నారు."

ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు వేసుకున్న చెప్పులతో సహా గుర్తొచ్చింది. రెండో మందుకు చోటు అడిగినప్పుడే వేరే పట్టిక పెట్టాలని తెలుసు. గంట పని. తర్వాత చూద్దాం అనుకుంది. ఆ తర్వాత అనేది ఆరేళ్ళలో రానేలేదు.

అంతటితో అయిపోలేదు. వరుస చివర, దాన్ని ఆఖరున ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో ఉంటుంది. సల్ఫా అని చేర్చింది గుమస్తా కాదు. అక్కడున్నది ఆమె పేరే. నిరుటి తేదీ.

దద్దుర్లు తగ్గాక అత్తగారు మంచం మీద కూర్చుని, "ఏమే గళ్ళమ్మా, నీ గళ్ళల్లో ఇది కూడా రాసి పెట్టు. లేకపోతే మళ్ళీ ఎవడో ఒకడు ఇదే పొడుస్తాడు," అంది. రోజంతా గళ్ళు నింపుకునే కోడలికి ఆవిడ పెట్టిన ముద్దుపేరు గళ్ళమ్మ. కోడలు మర్నాడే, మధ్యాహ్నం భోజనానికి లేవబోతూ, అత్తగారి గడిలో కామా పెట్టి సల్ఫా అని చేర్చింది. సాయంత్రం ఇంటికెళ్ళి, "రాసేశాను అత్తయ్యా, ఇక మీకు భయం లేదు," అని కూడా చెప్పింది.

అంతకు ముందు దాకా ఆవిడకు గీత వచ్చేది. ఆ రోజు నుంచి రావడం మానేసింది.

పెద్దకోడలు అత్తగారి వరుసనూ, కంప్యూటరు అడిగే ప్రశ్ననూ రెండు కాగితాల మీద అచ్చు తీసింది. మడిచి చేతిసంచీలో పెట్టుకుంది.

*

భర్త పైఅంతస్తులో, ఐసీయూ బయట మెట్ల మీద ఉన్నాడు. స్కూలుకు సెలవు పెట్టి రెండు రోజులుగా పగలంతా అక్కడే ఉంటున్నాడు. ఆమె పక్కన కూర్చుని, కాగితాలు చూపించి, ఉన్నదున్నట్టు చెప్పింది. లెక్కల మేష్టారికి రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

మెట్ల మలుపులో ఎవరో ఫోనులో ఎవరికో ధైర్యం చెబుతున్నారు.

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. మీకే ముందు చెప్పాను."

"సరిచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"గంట."

"చేస్తే ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలీదు. చేసేది నేనొక్కదాన్నే."

"అయితే వెళ్ళి సరిచేసెయ్."

"చేస్తే మూడింటికి కమిటీ ముందు ఎర్ర గీత వస్తుందండీ! మీ మరదలు అబద్ధం చెప్పినట్టవుతుంది."

ఆయన తల వంచుకున్నాడు. "చూడు. తన పేరు ఎలాగూ పోయింది. ఊరంతా తెలిసిపోయింది. ఇప్పుడు నీ పేరు కూడా పోతే ఒకే ఇంట్లో ఇద్దరు. రేపు అమ్మ కళ్ళు తెరిస్తే ఏమని చెప్తాం? పెద్దకోడలు చేసిందానికి చిన్నకోడలి చేత్తో ఇలా అయిందని చెప్తామా?"

"నిజం అదే కదా."

"నాన్న తట్టుకోగలడా? ఆయన కూతురిలా చూసుకున్నది నిన్ను."

"తననూ అలాగే చూసుకున్నారు. పొద్దున ఏమన్నారో విన్నారుగా?"

"తమ్ముడున్నాడు. వాడు చూసుకుంటాడు."

"లేసు కట్టుకుంటూనా?"

ఆ మాటకు ఆయనకు కోపమొచ్చింది. లేచాడు. రెండు మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి వచ్చి, గొంతు తగ్గించాడు.

"కావాలని చేశావా? లేదు. నీకు తెలుసా? తెలీదు. మరి ఎందుకు నెత్తిన వేసుకుంటావు?"

"తను కావాలని చేసిందా మరి? ఫిర్యాదులో నిర్లక్ష్యం అని రాశారు మీరు. ఆ మాట చెందేది నాకు. దాన్ని తీసి తన పేరు పక్కన పెట్టారు."

ఆయన గిరుక్కున తిరిగి కిందికి వెళ్ళిపోయాడు. ఐసీయూ అద్దంలోంచి అత్తగారి పాదాలు కనిపిస్తున్నాయి. దుప్పటి సరిగా కప్పలేదు. లోపలికి వెళ్ళి సరిచేసే అనుమతి ఆమెకు లేదు.

*

సెక్షన్‌కు తిరిగి వచ్చేసరికి పన్నెండున్నర. ఆమె ముందు చేసిన పని, గడిలో ఒకటికి మించి మందులున్న వరుసలెన్నో లెక్క తియ్యడం. ఆరువందల ముప్పైఎనిమిది. వాళ్ళలో ఇప్పుడు ఈ ఆసుపత్రి మంచాల మీద ఉన్నవాళ్ళు పదకొండుమంది. ఒకరు అత్తగారు. సర్జరీ వార్డు ఏడో మంచం ఒక వడ్రంగిది. యాభైరెండేళ్ళు, రెండున్నరకు ఆపరేషన్. ఆయన గడిలో మూడు పేర్లున్నాయి.

ఆమె సర్జరీ వార్డుకు ఫోను చేసింది.

"సిస్టర్, ఏడో మంచం ఆయనకు పడని మందులేమైనా ఉన్నాయేమో ఒకసారి అడుగుతారా?"

"ఉంటే ఎర్ర గీత వస్తుందిగా మేడమ్."

"రాకపోతే?"

"రాకపోతే లేనట్టే!" సిస్టర్ నవ్వింది. "మాకు నేర్పించిందే మీరు. అయినా ఆయనకు ఆపరేషన్ ముందు మాత్ర ఇచ్చేశాం, మగతలో ఉన్నాడు. రెండింటికి యాంటీబయాటిక్ ఎక్కించాలి."

"నేను చెప్పేదాకా ఎక్కించకండి."

"డాక్టరు చెప్పాలి గానీ, మీరు చెప్తే ఎలా ఆపను మేడమ్?"

నిజమే కదా. నువ్వెవరివి ఆపడానికి అన్నదాన్నే సిస్టర్ మర్యాదగా అడిగింది. గడిలోని మూడు పేర్లూ చదివితే, మరి గీత ఎందుకు రాలేదో కూడా చెప్పాలి. పెద్దకోడలు ఫోను పెట్టేసి, కుర్చీ ముందుకు లాక్కుంది. ఈ పని చేస్తే ఎవరి మెడకు ఏం చుట్టుకుంటుందో ఆమెకు తెలుసు. భర్త చెయ్యమన్నదీ ఇదే, చెయ్యవలసిందీ ఇదే కావడం ఆమె ఖర్మ.

కొత్త పట్టిక పెట్టింది. రెండే గళ్ళు. రోగి నంబరు, మందు. ఒక్కో మందుకు ఒక్కో వరుస. రెండు పడకపోతే రెండు వరుసలు, అయిదు పడకపోతే అయిదు. డాక్టరు మందు రాయగానే కంప్యూటరు అడగవలసింది, ఈ నంబరుకు ఎదురుగా ఈ మందున్న వరుస ఉందా, అని. అంతే.

"గుమస్తాగారూ, ఈ పదకొండుమందివీ చదవండి. నేను కొడతాను."

ఆయన చదువుతుంటే తెలిసింది ఇంకో సంగతి. అన్నిచోట్లా కామా లేదు. ఒకచోట చిన్న గీత, ఒకచోట 'ఇంకా', ఒకచోట పేరు పక్కన పేరు, మధ్య ఏమీ లేదు. ఆయన చేతికి ఎలా వస్తే అలా. కంప్యూటరుకు వదిలేస్తే తప్పు విడదీస్తుంది. ఒక్కొక్కటీ మనిషే చూసుకోవాలి.

"ఇంతేనా మేడమ్?" అన్నాడాయన పదోది అయ్యాక. "ఇంత చిన్న పనికా ఇన్నాళ్ళు ఆగాం?"

"ఇంతే."

పదకొండోది మిగిలింది. అత్తగారిది.

ఆమె వేళ్ళు ఆగాయి. ఈ ఒక్కటీ వదిలేస్తే? కమిటీ ముందు గీత రాదు. చిన్నకోడలు గట్టెక్కుతుంది, తను నోరు విప్పనక్కర్లేదు, ఇల్లు ఇల్లుగా ఉంటుంది. ఎంత తేలిక! ఆ తేలికదనానికే ఆమెకు భయమేసింది. ఐసీయూలో గంటకో మందు మారుస్తున్నారు. ఏ గంటలోనో ఎవరో సల్ఫా రాస్తారు. గీత రాకపోతే లేనట్టే అనుకుంటారు.

"చదవమంటారా?" అన్నాడు గుమస్తా.

"అక్కర్లేదు. ఇది నాకు నోటికి వచ్చు."

రెండు వరుసలు కొట్టింది. ఒక్క మందే ఉన్న వరుసల్ని కంప్యూటరే కొత్త పట్టికలోకి దించుకుంది, మంచాల మీద లేనివాళ్ళవి సాయంత్రం చూసుకోవాలి. పాత ప్రశ్న తీసేసి కొత్తది పెట్టింది. పాతది ఇక సంచీలోని కాగితం మీద తప్ప ఎక్కడా లేదు.

రెండింటికి అయిదు నిమిషాలుందనగా ఫోను మోగింది. సర్జరీ వార్డు సిస్టర్.

"మేడమ్, ఏడో మంచం ఆయనకు ఇప్పుడు ఎర్ర గీత వచ్చిందేమిటి?"

"ఆ మందు ఇవ్వకండి. డాక్టర్ని పిలవండి."

"పిలిచాం, వేరేది రాశారు. కానీ పొద్దున లేదే మేడమ్! పొద్దున ఎందుకు రాలేదు?"

పెద్దకోడలు ఫోను పెట్టేసింది. ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. గుమస్తా చూసీ చూడనట్టు లేచి, తలుపు దగ్గరగా వేసి, బయట నిలబడ్డాడు.

*

మూడింటికి పెద్ద డాక్టరు గదిలో అందరూ కూర్చున్నారు. బల్లకు అటువైపు పెద్ద డాక్టరు, మేట్రన్, సెక్షన్ ఆఫీసరు. ఇటువైపు మామగారు, పెద్దకొడుకు. చిన్నకోడలు ఒక్కతే గోడవార కుర్చీలో, యూనిఫాం లేకుండా మామూలు బట్టల్లో ఉంది. చిన్నకొడుకు రాలేదు. ఏదో పని తగిలిందట.

పెద్దకోడలు కంప్యూటరు ముందు కూర్చోబోతుంటే భర్త లేచి వచ్చాడు.

"ఆ సంచీ ఇలా ఇవ్వు, అడ్డం నీకు," అని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మొదలుపెడదాం," అన్నాడు పెద్ద డాక్టరు. "ఆ రోజు రాసిన ఇంజెక్షన్ పేరు కొట్టండమ్మా."

కొట్టింది. తెర మీద ఎర్ర గీత వచ్చింది. ఇంతకు ముందెన్నడూ లేనంత స్పష్టంగా వచ్చింది. దాని కింద, పడని మందులు రెండూ ఒకదాని కింద ఒకటి బుద్ధిగా నిలబడ్డాయి.

అందరూ చిన్నకోడలి వైపు తిరిగారు.

"వచ్చిందిగా," అంది మేట్రన్.

"మొన్న రాలేదండీ."

"అమ్మాయ్, ఇంతమందిమి చూస్తున్నాం."

"ఇప్పుడు వచ్చింది. మొన్న రాలేదు. నేను రెండుసార్లు చూశాను."

"చూస్తే ఇంత పెద్ద గీత కనపడదా?" మేట్రన్ గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువగా ఉంది. "నిన్ను నేనే శిక్షణలో చూశానమ్మా. మంచి నర్సువి. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఒప్పుకుంటే పేరు కొట్టెయ్యకుండా ఏదైనా చెయ్యగలమేమో చూస్తాం. అబద్ధమాడితే మాత్రం ఏమీ చెయ్యలేం."

ఒక కాగితం ముందుకు జరిపింది. నేను తెర చూసుకోకుండా ఇంజెక్షన్ ఇచ్చాను, అని అచ్చయిన కాగితం. కింద సంతకానికి చోటుంది. పక్కన కలం పెట్టింది.

పెద్ద డాక్టరు కంప్యూటరు వైపు చూశాడు. "మీరు చెప్పండి. ఇది తయారు చేసింది మీరు. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా రావలసిన గీత రాకుండా పోయిందా?"

పెద్దకోడలు భర్త వైపు తిరిగింది. భర్త ఆమెను చూడటం లేదు. సంచీని రెండు చేతులతో పట్టుకుని, తెర మీది ఎర్ర గీతనే చూస్తున్నాడు.

"అక్కా," అంది చిన్నకోడలు.

ఆమె కలం అందుకుంది. ఏడవడం లేదు. మూడు రోజులుగా ఒకే మాట చెప్పి చెప్పి, చివరికి ఆ మాట మీద తనకే నమ్మకం పోయిన మనిషిలా ఉంది.

"రెండు డ్యూటీలు చేశాను కదా. నువ్వన్నట్టు నేనే చూడలేదేమో. చూశానని నాకు అనిపిస్తోందేమో. నాకిప్పుడు ఏమీ తెలియట్లేదక్కా. నువ్వు చెప్పు. అది ఎప్పుడూ తప్పలేదు అని నువ్వొక్క మాట చెప్తే చాలు, సంతకం పెట్టేస్తాను. నువ్వు నాకు అబద్ధం చెప్పవు."

కలం కొన కాగితానికి ఆనింది.

"ఆగు," అంది పెద్దకోడలు.

కుర్చీలోంచి లేచింది. భర్త దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

"నా సంచీ ఇవ్వండి."

"తర్వాత తీసుకుందువుగాని. కూర్చో."

"ఇవ్వండి."

"ఇదా సమయం? పదిమందిలో ఏమిటిది?"

ఆయన వేళ్ళు సంచీ పట్టీ మీద తెల్లబడ్డాయి. ఆమె చెయ్యి అలాగే చాచి ఉంచింది.

పక్క కుర్చీలో ఉన్న మామగారు కొడుకు ముఖంలోకి చూశారు. తర్వాత కోడలి చేతిని చూశారు. ఒంగి, కొడుకు ఒళ్ళోంచి సంచీ లాగేసుకున్నారు. పెద్దాయనతో పెనుగులాడలేక కొడుకు వదిలేశాడు.

"ఏముందమ్మా ఇందులో?"

"కాగితాలు మామయ్యగారూ. తియ్యండి. మీరే చదవండి."

ఆయన మడతలు విప్పి దూరంగా పెట్టి చూశారు. అక్షరాలు ఆనలేదు. జేబులోంచి భార్య కళ్ళజోడు తీశారు. అది ఆయన ముఖానికి చిన్నది, ఒక పక్క చెవి మీద నిలవదు. ఒక చేత్తో దాన్ని అదిమి పట్టుకుని, వేలు పెట్టి ఒక్కో గడీ దాటుకుంటూ, గొణుక్కుంటూ చదివారు. నంబరు. వయసు. రక్తం గ్రూపు. పెన్సిలిన్, సల్ఫా.

వేలు వరుస చివరికి వచ్చి ఆగింది.

ఆయన తలెత్తి పెద్దకోడలిని చూశారు. పొద్దున చిన్నకోడలి చేతిని చూసిన చూపు కాదది. ఇంకా ఏ చూపు చూడాలో తెలియని చూపు.

"ఇక్కడ నీ పేరుందేమిటమ్మా?" అన్నారు.